స్క్రూ పోయినా బెజ్జం నిలవాలి: పియానో మరమ్మతులో ఒక పనితనపు చరిత్ర

పాశ్చాత్య సంగీత వాద్యాలలో పియానో అంతగా స్క్రూల మీద ఆధారపడి నిలిచే వాద్యాలు అరుదు. ఇనుప చట్రాన్ని కొయ్య పెట్టెకు పట్టి ఉంచే పెద్ద స్క్రూలు, సుత్తుల యంత్రాంగాన్ని పట్టీలకు బిగించే వందలాది చిన్న స్క్రూలు, తీగ కంపించే భాగానికి ఒక కొసను నిర్ణయించే ఇత్తడి అగ్రాఫులు, తీగలను బిగించి శ్రుతి చేసే ఉక్కు పిన్నులు ఒకే పెట్టెలో ఇమిడి ఉంటాయి. వీటన్నిటి ఒంటి మీద మరచుట్టు, అంటే మెలిక తిరుగుతూ సాగే గాడి ఉంటుంది. దశాబ్దాల పాటు తేమకూ ఒత్తిడికీ లోనైన తరువాత విప్పబోతే వీటిలో కొన్నిటి తల తెగి చేతికి వస్తుంది, మిగిలిన ఒళ్లు బెజ్జంలోనే ఉండిపోతుంది. ఆ ముక్కను బయటికి తీసే విద్యకు వాద్య చరిత్రలలో దక్కిన చోటు చాలా తక్కువే అయినా, ఆ విద్య మారుతూ వచ్చిన తీరును గమనిస్తే పియానో కొయ్య వాద్యం నుంచి ఇనుప వాద్యంగా మారిన వైనమంతా అందులో కనబడుతుంది. ఈ పనివారు పాటించే మొదటి నియమం, స్క్రూ నాశనమైనా సరే దాని బెజ్జం చెక్కుచెదరకూడదన్నది. ఈ నియమం వాద్యంతో పాటు పుట్టింది కాదు, పందొమ్మిదవ శతాబ్దపు పోత ఇనుము దానిని తెచ్చిపెట్టింది.

ఇటలీలోని ఫ్లోరెన్స్ నగరంలో మెడిచీ వంశీయుల ఆస్థానంలో పనిచేసిన బార్తొలొమెయొ క్రిస్తొఫొరి 1700 ప్రాంతంలో రూపొందించిన తొలి పియానో ప్రధానంగా కొయ్య, జిగురు, తోలు, తీగలతో కూర్చిన వస్తువు. ఆయన చేసిన వాటిలో 1720, 1722, 1726 సంవత్సరాలకు చెందిన మూడు వాద్యాలు నేటికీ న్యూయార్క్, రోమ్, లైప్‌జిగ్ నగరాల సంగ్రహాలయాలలో ఉన్నాయి. ఆ కాలంలో స్క్రూ చవక వస్తువు కాదు. కమ్మరి కాల్చి సాగదీసిన ఇనుప కడ్డీకి ఆకురాయితో ఒక్కొక్క మరచుట్టునూ చెక్కి, తల మీద గాడిని రంపంతో కోసేవాడు. అందువల్ల ఏ రెండు స్క్రూలూ ఒక్కలా ఉండేవి కావు, ఒక బెజ్జం నుంచి తీసిన స్క్రూ పక్క బెజ్జంలో సరిగా కూర్చునేది కాదు. కొసలు మొద్దుగా ఉండేవి కనుక ముందుగా బర్మాతో తగిన లోతున తొలవనిదే అవి కొయ్యలోకి దిగేవి కావు. 1760లో ఇంగ్లండులోని స్టాఫర్డ్‌షైర్‌కు చెందిన జాబ్ వయట్, విలియం వయట్ సోదరులు కొయ్య స్క్రూలను యంత్రంతో కోసే పద్ధతికి పేటెంటు పొందాక వాటి సరఫరా పెరిగింది. అయినా కొసలు మొద్దుగానే మిగిలాయి.

అలాంటి వాద్యంలో స్క్రూ విరిగితే పరిష్కారం వడ్రంగి పనిలోనే దొరికేది. విరిగిన ముక్క చుట్టూ ఉన్న కొయ్యను సన్నని ఉలితో తొలిచి, ముక్కను పట్టకారుతో లాగి, గుంటను అదే జాతి కొయ్య బిరడాతో జిగురు పెట్టి పూడ్చి, కొత్తగా బెజ్జం వేసేవారు. బిరడా పోగు దిక్కు చుట్టూ ఉన్న కొయ్య పోగుతో కలిసేలా కోస్తే అతుకు కంటికి ఆనదు, బలమూ పెద్దగా తగ్గదు. బెజ్జాన్ని పూడ్చి మళ్లీ తొలవగలిగినంత కాలం విరిగిన స్క్రూ అన్నది అసౌకర్యమే తప్ప ప్రమాదం కాదు.

ఈ స్థితిని మార్చింది తీగల బిగువు. పెద్ద సభామందిరాలలో వినబడేంత నాదం కావాలంటే తీగలు లావుగా ఉండాలి, లావు తీగలను అదే శ్రుతిలో నిలపాలంటే మరింత బలంగా లాగి కట్టాలి. కొయ్య పెట్టె ఆ లాగుడుకు వంగిపోయి శ్రుతి నిలిచేది కాదు. ఇంగ్లండులో పుట్టి ఫిలడెల్ఫియాలో ఉంటున్న జాన్ ఐజాక్ హాకిన్స్ 1800లోనే ఇనుప కడ్డీలతో బలపరచిన నిలువు పియానోకు పేటెంటు తీసుకున్నాడు. 1820లో లండన్‌లో విలియం ఆలెన్, జేమ్స్ థామ్ అనే పనివారు లోహపు గొట్టాలనూ పలకలనూ కలిపిన చట్రాన్ని రూపొందించారు. 1825లో బోస్టన్‌కు చెందిన ఆల్ఫియస్ బాబ్‌కాక్ చతురస్ర పియానో కోసం చట్రం మొత్తాన్ని ఒకే ముక్కగా పోత పోసే పద్ధతికి పేటెంటు పొందాడు. అదే నగరంలో జోనాస్ చికరింగ్ 1840 దశకంలో దానిని అభివృద్ధి చేసి గ్రాండ్ పియానోకూ విస్తరించాడు. 1853లో న్యూయార్క్‌లో నెలకొన్న స్టైన్‌వే అండ్ సన్స్ సంస్థ 1859లో, మంద్రస్థాయి తీగలు మిగిలిన వాటి మీదుగా ఏటవాలుగా సాగే అమరికను ఇనుప చట్రంతో కలిపి గ్రాండ్ పియానోకు పేటెంటు తీసుకుంది. నేటి గ్రాండ్ పియానోలో రెండు వందలకు మించిన తీగలు కలిసి చట్రం మీద మోపే లాగుడు దాదాపు 18 నుంచి 20 టన్నులు.

పోత ఇనుము ఈ భారానికి తగిన లోహమే అయినా దానికి ఒక స్వభావదోషం ఉంది. అందులో కర్బనం సన్నని గ్రాఫైటు పొరలుగా విడివడి ఉంటుంది కనుక అది నొక్కుడును బాగా భరిస్తుంది కాని, లాగుడుకూ దెబ్బకూ వంగకుండా ఒక్కసారిగా పగులుతుంది. పగిలిన చోట వెల్డింగు చేయడం కూడా మామూలు ఉక్కుతో ఉన్నంత తేలిక కాదు. పైగా ఒక్కొక్క నమూనాకూ ఒక్కొక్క అచ్చుతో పోసిన చట్రం అది, తయారీ సంస్థ మూతపడితే అలాంటి మరొకటి ఎక్కడా దొరకదు. చట్రంలోని మరచుట్టు గల బెజ్జాన్ని కొయ్య బెజ్జం లాగా తొలిచి పూడ్చే వీలు లేదు. విరిగిన స్క్రూ విలువ కొన్ని పైసలు, అది ఇరుక్కున్న చట్రం విలువ పియానో మొత్తం విలువ. మరమ్మతు పనివారి నియమం పుట్టింది ఈ వ్యత్యాసం నుంచే.

ఇనుము పియానోలోకి వస్తున్న సంవత్సరాలలోనే స్క్రూ తయారీ కూడా పూర్తిగా మారిపోయింది. లండన్‌లో హెన్రీ మాడ్స్‌లే పద్దెనిమిదవ శతాబ్దం ముగిసే వేళకు కచ్చితమైన మరచుట్లు కోసే లేత్‌ను తీర్చిదిద్దాడు. ఆయన కర్మాగారంలో పనిచేసిన జోసఫ్ విట్‌వర్త్ 1841లో ప్రతి వ్యాసానికీ అంగుళానికి ఇన్ని చుట్లు, చుట్టు కోణం 55 డిగ్రీలు అని నిర్ణయించే ఒకే పద్ధతిని బ్రిటన్ ఇంజినీర్ల ముందుంచాడు. 1864లో ఫిలడెల్ఫియాలో విలియం సెల్లర్స్ 60 డిగ్రీల కోణంతో అమెరికాకు వేరే పద్ధతిని ప్రతిపాదించాడు. కొయ్య స్క్రూల విషయంలో 1846లో అమెరికాకు చెందిన థామస్ స్లోన్ సూదిమొన గల స్క్రూ యంత్రానికి పేటెంటు పొందగా, బర్మింగ్‌హామ్‌లో జాన్ సటన్ నెటిల్‌ఫోల్డ్ తన బావమరిది జోసఫ్ చాంబర్లేన్‌తో కలిసి 1854లో దాని బ్రిటిష్ హక్కులను కొన్నాడు. ఆ తరువాత కొయ్య స్క్రూ లక్షల సంఖ్యలో తయారయ్యే చవక సరుకైంది, పియానో యంత్రాంగంలో జిగురు చేసే పనిలో పెద్ద భాగాన్ని స్క్రూ తీసుకుంది.

జిగురుతో అతికిన భాగాన్ని మార్చాలంటే వేడినీరో ఆవిరో పెట్టి ఊడదీయాలి, స్క్రూతో బిగించినదాన్ని గదిలోనే విప్పి మళ్లీ బిగించవచ్చు. ఇరవయ్యవ శతాబ్దారంభానికి పియానో మరమ్మతు ఒక ప్రత్యేక వృత్తిగా స్థిరపడడానికి ఈ సౌలభ్యం కూడా ఒక కారణం. 1909లో ఒక్క అమెరికాలోనే మూడున్నర లక్షలకు పైగా పియానోలు తయారయ్యాయి, అవన్నీ ఎప్పుడో ఒకప్పుడు విప్పబడవలసినవే. అయితే కర్మాగారాలు పాటించిన ప్రమాణాలు పియానో తయారీలోకి పూర్తిగా రాలేదు. ఇందుకు అగ్రాఫు మంచి ఉదాహరణ. 1808లో పియానో తయారీదారు సెబాస్టియన్ ఎరార్ ప్రవేశపెట్టిన ఈ చిన్న ఇత్తడి భాగం కింద మరచుట్టుతో చట్రంలో దిగి, పైన ఉన్న రంధ్రాల గుండా తీగలను పోనిస్తుంది. సుత్తి కింది నుంచి కొట్టినప్పుడు తీగ పైకి లేవకుండా ఆపేది అదే. విట్‌వర్త్, సెల్లర్స్ పద్ధతులు రెండింటిలోనూ పావు అంగుళం స్క్రూకు అంగుళానికి 20 చుట్లుంటే, అమెరికా పియానోలలో వాడుకలో ఉన్న పావు అంగుళం అగ్రాఫుకు 36 చుట్లుంటాయి. అంత సన్నని చుట్టు వల్ల అగ్రాఫును తీగకు ఎదురుగా సరైన కోణంలో నిలపడం సులభమవుతుంది కాని, సామాన్య ఇనుప సామాన్ల కొట్టులో దొరికే ట్యాపు, అంటే బెజ్జం లోపల మరచుట్టు కోసే పనిముట్టు, దానికి పనికిరాదు.

మరచుట్టు మీద పియానో తయారీదారులు పెట్టుకున్న నమ్మకానికి పరాకాష్ఠ బోస్టన్ సంస్థ మేసన్ అండ్ హామ్లిన్ 1880 దశకంలో తెచ్చిన స్క్రూ స్ట్రింగర్ పియానో. అందులో కొయ్యలో దిగే శ్రుతి పిన్నులకు బదులు, చట్రంలోనే నిలిచిన స్క్రూలను తిప్పి తీగలను బిగించేవారు. శ్రుతి చాలాకాలం నిలిచేది గాని తయారీ ఖర్చు ఎక్కువ కావడంతో ఆ పద్ధతి ఇరవయ్యవ శతాబ్దపు తొలి సంవత్సరాలలో ఆగిపోయింది. దాని భాగాలు మళ్లీ తయారు కాలేదు కనుక ఇలాంటి పియానోలో ఒక్క స్క్రూ విరిగినా, లోపలి ముక్కను తీయడమే కాక కొత్త స్క్రూను లేత్ మీద ప్రత్యేకంగా చేయించుకోవలసి వస్తుంది.

స్క్రూ ఎందుకు విరుగుతుందన్నది అది ఏ లోహం, ఏ పదార్థంలో దిగింది అన్నదాన్ని బట్టి ఉంటుంది. కొయ్యలో దిగిన ఇనుప స్క్రూకు శత్రువు తుప్పు. తుప్పు అసలు ఇనుము కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కనుక స్క్రూను కొయ్య పోగుల మధ్య గట్టిగా బిగించేస్తుంది, అదే సమయంలో స్క్రూ ఒళ్లు సన్నబడి బలం తగ్గుతుంది. ఓక్ వంటి కొయ్యలలోని టానిన్ అనే ఆమ్లగుణం గల పదార్థం ఈ చర్యను వేగిరపరుస్తుంది. 1860ల చివర స్టైన్‌వే సంస్థ ప్రవేశపెట్టిన గొట్టపు పట్టీలో, అంటే లోపల కొయ్య కడ్డీ దూర్చిన ఇత్తడి గొట్టంలో, ఏళ్లు గడిచాక కొయ్య ఉబ్బి గొట్టం చీలడమో, ఎండి స్క్రూ పట్టు సడలడమో జరిగేది. ఇత్తడి స్క్రూ తుప్పు పట్టదు గాని ఉక్కు కంటే మెత్తనిది, కొంచెం ఎక్కువ బలంతో తిప్పితే తల కిందనే తెగుతుంది. చట్రంలోని అగ్రాఫుకు బలహీనమైన చోటు మరచుట్టు మొదలయ్యే మెడ. కొత్త తీగలు వేసే వేళ దానిని కొద్దిగా తిప్పి సరిచేయబోతే, అప్పటికే దశాబ్దాల లాగుడుకు అలసిన మెడ విరిగి, మరచుట్టు భాగం చట్రంలో మిగిలిపోతుంది.

కొయ్యలోని ముక్కను తీసే పద్ధతులలో పాతది వేడి. కాల్చిన ఇనుప కడ్డీని, తరువాతి కాలంలో సోల్డరింగు కడ్డీని స్క్రూకు ఆనించి కొంతసేపు ఉంచితే లోహం వ్యాకోచించి చుట్టూ ఉన్న కొయ్యను కొద్దిగా నొక్కుతుంది, చల్లారినప్పుడు కుంచించుకుని తుప్పు పట్టును సడలిస్తుంది. తల ఇంకా మిగిలి ఉంటే చాలాసార్లు ఇదే చాలు. తల పోయిన ముక్కకు మాత్రం కొసన పళ్లు కోసిన సన్నని ఉక్కు గొట్టాన్ని వాడతారు. అది స్క్రూ చుట్టూ ఉన్న కొయ్యను మాత్రమే కోస్తూ దిగుతుంది, ముక్క దానిని పట్టుకున్న కొయ్యతో సహా బయటికి వస్తుంది, మిగిలిన గుంటలో బిరడా దింపుతారు. అంటే పాత వడ్రంగి పద్ధతే కొలతకు లొంగిన రూపంలో కొనసాగుతోంది.

శ్రుతి పిన్నుల సంగతి వేరు. దాదాపు 7 మిల్లీమీటర్ల లావుండే ఈ పిన్నులు పిన్ బ్లాక్ అనే మేపుల్ కొయ్య పలకలో కేవలం రాపిడి బలంతో నిలబడతాయి. వాటి మీది సన్నని చుట్టు బిగించడానికి కాక తిప్పి బయటికి తీయడానికే ఎక్కువగా ఉపయోగపడుతుంది. తీగ దూర్చే రంధ్రం దగ్గర పిన్ను విరిగితే, లోపల ఎడమచేతి మరచుట్టు ఉన్న బోలు పనిముట్టును మిగిలిన మొండెం మీద అపసవ్య దిశలో తిప్పుతారు. అది తిరిగేకొద్దీ మొండేన్ని గట్టిగా పట్టుకుని, అదే దిక్కులో పిన్నును విప్పుతుంది. ఇక్కడ నూనె వాడడం నిషిద్ధం. ఇతర యంత్రాల మరమ్మతులో మొదట చేసే పని నూనె వేయడమే అయినా, పియానోలో అది కొయ్యలోకి ఇంకితే రాపిడి పోయి చుట్టుపక్కల పిన్నులన్నీ శ్రుతి నిలపలేనివవుతాయి.

ఇనుప చట్రంలోని ముక్కను తీయడం ఆధునిక పనిముట్లు వచ్చాకే నమ్మదగిన విద్య అయింది. 1863లో మసాచుసెట్స్‌కు చెందిన స్టీఫెన్ మోర్స్ మెలిక డ్రిల్లుకు పేటెంటు పొందాడు. అంతకుముందు వాడిన చదునుకొస డ్రిల్లు పక్కకు జారి బెజ్జం మరచుట్టును గాయపరిచేది. మెలిక గాళ్ల గుండా పొట్టు బయటికి వస్తూ నిటారుగా దిగే కొత్త డ్రిల్లుతో విరిగిన ముక్క నడిమధ్యన తొలవడం సాధ్యమైంది. ముక్క తలాన్ని ఆకురాయితో చదును చేసి, మధ్యబిందువును పంచ్‌తో గుర్తించి, స్క్రూ విప్పే దిక్కులోనే తిరిగే ఎడమచేతి డ్రిల్లుతో తొలుస్తారు. ఇత్తడి డ్రిల్లు అంచును ఉన్నట్టుండి పట్టేసే లోహం కనుక, మామూలు పనిలో చిరాకు కలిగించే ఆ గుణమే ఇక్కడ మేలు చేసి, సగం తొలిచేసరికే ముక్క డ్రిల్లుతో పాటు తిరిగి బయటికి రావడం కద్దు. రాకపోతే ఎక్స్‌ట్రాక్టర్ అనే పనిముట్టు అక్కరకొస్తుంది. ఎడమ మెలికతో కొసకు సన్నబడుతూ పోయే ఈ గట్టి ఉక్కు కడ్డీని తొలిచిన రంధ్రంలో అపసవ్యంగా తిప్పితే అది ముక్కను పట్టుకుని విప్పుతుంది. అయితే ముక్క పలచని గొట్టంలా మిగిలి ఉంటే ఆ కడ్డీ దానిని లోపలి నుంచి విస్తరింపజేసి మరింత బిగిస్తుంది కనుక, ఇత్తడికి చదరపు అంచుల కడ్డీని ఎంచుకోవడం వాడుక. ఎక్స్‌ట్రాక్టరే లోపల విరిగితే మామూలు డ్రిల్లు దాని మీద పనిచేయదు. అందుకే తొందర ఈ పనిలో అన్నిటికంటే ఖరీదైన తప్పుగా పరిగణించబడుతుంది.

పక్క వృత్తులతో పోల్చితే పియానో పనివారి ఇబ్బంది ఎక్కడుందో స్పష్టమవుతుంది. గడియారాలు బాగుచేసేవారు ఇత్తడి పలకలో విరిగిన ఉక్కు స్క్రూను పటిక నీళ్లలో వేసి వేడి చేస్తారు, పటిక ఉక్కును కరిగిస్తుంది గాని ఇత్తడిని దాదాపు ముట్టుకోదు. పియానోలో పరిస్థితి తలకిందులు. విరిగింది ఇత్తడి, కాపాడవలసింది ఇనుము. 1940ల ఆరంభంలో అమెరికాలో హెరాల్డ్ స్టార్క్, విక్టర్ హార్డింగ్, జాక్ బీవర్ అల్యూమినియం పోతలలో విరిగిన డ్రిల్లులనూ ట్యాపులనూ విద్యుత్ మెరుపులతో అణువణువుగా అరగదీసే యంత్రాన్ని రూపొందించారు. అదే తరువాత పెద్ద పరిశ్రమగా ఎదిగినా, చట్రాన్ని పెట్టె నుంచి ఎత్తి కర్మాగారానికి పంపితే తప్ప పియానోకు ఉపయోగపడదు. చట్రం కిందనే సౌండ్ బోర్డు అనే కొయ్య పలక, పక్కనే పిన్ బ్లాక్ ఉండడం వల్ల గ్యాసు మంటతో కాల్చే వీలూ లేదు. అందువల్ల చేతి డ్రిల్లు, ఓర్పు ఇప్పటికీ ఈ వృత్తికి ప్రధాన సాధనాలు. మరచుట్టు దెబ్బతిన్న చోట చివరి మార్గంగా 7/32 అంగుళం బెజ్జాన్ని పావు అంగుళానికి పెంచి, మళ్లీ అంగుళానికి 36 చుట్లు కోసి పెద్ద అగ్రాఫును దింపుతారు. ఆ తరువాత అదే బెజ్జం మళ్లీ పాడైతే పెంచడానికి మిగిలే చోటు కొద్దే.

భారతదేశంలో ఈ సమస్యకు వాతావరణం మరో రూపమిచ్చింది. 1842లో మద్రాసులో మొదలైన మిస్కిత్ అండ్ కంపెనీ, తరువాత దాని వారసత్వంగా నిలిచిన మ్యూజీ మ్యూజికల్ వంటి దుకాణాల ద్వారా యూరపు పియానోలు నాటి మద్రాసు ప్రెసిడెన్సీలోని ఇళ్లకూ చర్చిలకూ చేరాయి. కోస్తా ఆంధ్ర జిల్లాలు ఆ ప్రెసిడెన్సీలోనివే. వానకాలపు తేమకు జంతువుల జిగురు మెత్తబడి అతుకులు ఊడేవి, సముద్రపు ఉప్పుగాలికి ఇనుము త్వరగా తుప్పు పట్టేది. అందుకే లండన్ తయారీదారులు ఉష్ణదేశాల కోసమని ప్రత్యేకంగా చేసిన పియానోలలో పలచని పొరలు అతికించిన కొయ్యకు బదులు దళసరి కొయ్యనూ, జిగురు అతుకులకు తోడుగా ఇత్తడి స్క్రూలనూ వాడారు. ఆ నిర్ణయం వాద్యాన్ని నిలబెట్టింది, మరమ్మతు పనివారికి మాత్రం సులభంగా తల తెగే మెత్తని స్క్రూలను ఎక్కువ సంఖ్యలో వారసత్వంగా ఇచ్చింది. లండన్ నుంచి భాగాలు ఓడలో రావడానికి నెలలు పట్టే కాలంలో, బెజ్జాన్ని పాడు చేయకూడదన్న నియమం ఇక్కడ మరింత కఠినంగా వర్తించేది.

ఇరవయ్యవ శతాబ్దంలో ఈ విద్య గురువు చేతి నుంచి పుస్తకంలోకి కూడా వచ్చింది. 1976లో వెలువడిన ఆర్థర్ రెబ్లిట్జ్ గ్రంథం పియానో సర్వీసింగ్, ట్యూనింగ్ అండ్ రీబిల్డింగ్ వృత్తిలోకి కొత్తగా వచ్చేవారికి ఆధార గ్రంథమైంది. అదే కాలంలో సంగ్రహాలయాలు వాద్య సంరక్షణను వేరే దృష్టితో చూడసాగాయి. వాయించడానికి పియానోను సిద్ధం చేసే పనివారికి విరిగిన స్క్రూ చెత్తే. చారిత్రక వాద్యాన్ని కాపాడేవారికి మాత్రం ఆకురాయి గుర్తులున్న మరచుట్టు, నడిమధ్యన లేని తలగాడి, మొద్దు కొస ఆ వాద్యం ఎప్పుడు, ఎలాంటి కార్ఖానాలో తయారైందో చెప్పే సాక్ష్యాలు. 1846కు ముందటి వాద్యమని చెప్పే పియానోలో సూదిమొన స్క్రూలు కనిపిస్తే అవి తరువాతి మరమ్మతులో చేరినవని అనుమానించవలసి ఉంటుంది. కనుక సంరక్షకులు విరిగిన ముక్కను తొలిచి నాశనం చేయడానికి తొందరపడరు, దాని స్థానాన్ని నమోదు చేసి, అవసరం లేకపోతే ఉన్నచోటనే ఉంచుతారు, తీయక తప్పకపోతే తీసిన ముక్కను గుర్తుతో భద్రపరుస్తారు.

ఈ రెండు దృక్పథాలనూ పక్కపక్కన ఉంచి చూస్తే మూడు శతాబ్దాలలో స్క్రూకూ బెజ్జానికీ మధ్య విలువలు రెండుసార్లు తారుమారైనట్లు తెలుస్తుంది. చేత్తో చెక్కిన కాలంలో స్క్రూ అపురూపం, కొయ్య బెజ్జం మళ్లీ చేసుకోగలిగినది. యంత్రాలు స్క్రూను చవక చేసి, పోత ఇనుము బెజ్జాన్ని తిరిగి రానిదిగా మార్చాక, ముక్కను బలిచ్చి చట్రాన్ని కాపాడే పనిముట్లన్నీ పుట్టాయి. పాత పియానోలు చరిత్ర పత్రాలుగా గుర్తింపు పొందాక స్క్రూకు పోయిన విలువ మరో కారణంతో తిరిగి వచ్చింది. విరిగిన ముక్క ముందు నిలబడిన పనివారు డ్రిల్లు చేతిలోకి తీసుకునే ముందే తేల్చుకోవలసింది, ఎదుట ఉన్నది రేపటి కచేరీకి మోగవలసిన వాద్యమా, లేక నిన్నటి పనితనానికి ఆధారమా అన్నది. పనిముట్టు ఎంపిక ఆ నిర్ణయాన్ని అనుసరించే ఉంటుంది.